ఎనిమిది వీశెల గంగాళం

నా చిన్నప్పుడు ఏ కొట్లోనూ వస్తువు మీద ధర రాసి ఉండేది కాదు. ధర కొట్టువాడి నోట్లో ఉండేది. దాన్ని ఆ నోటినుంచి ఎంతకు బయటికి లాగగలిగితే అంత మన గొప్ప. ఆ లాగడంలో మా నాయనమ్మను మించినవాళ్ళు చుట్టుపక్కల నాలుగూళ్ళలో లేరు. ఆవిడ బండి దిగుతుంటే చూసి, కొట్టువాళ్ళు ముందుగానే చెంబుడు మంచినీళ్ళు తెప్పించి పక్కన పెట్టుకునేవాళ్ళట.

నా మాటలు నువ్వు ఫోనులో రాసుకుంటున్నావు కాబట్టి నిదానంగానే చెబుతాను. పొద్దుటినుంచి ఆ కంపెనీవాళ్ళ మీద నువ్వు అరుస్తుంటే వింటూనే ఉన్నాను. బట్టలుతికే మిషను ధరలో వాళ్ళు ఒక సున్నా తగ్గించి పెట్టారు. నువ్వు టక్కున నొక్కి డబ్బు కట్టేశావు. పొరపాటైందని వాళ్ళు ఆర్డరు రద్దు చేశారు. అంతేగా? నీ హక్కేమిటో నువ్వు తేల్చుకో, నేను వద్దనను. కానీ నువ్వు అలా అరుస్తుంటే నాకు మా గంగాళం గుర్తొచ్చింది. ఆ సంగతి పూర్తిగా ఇంతవరకూ మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. వీశెలు పోయి కిలోలు వచ్చిన కొత్త. మా పెద్దవాళ్ళు ఏ బరువైనా వీశెల్లోనే తూచేవాళ్ళు. వీశె అంటే కిలో మీద ఇంచుమించు ఇంకో నాలుగువందల గ్రాములు. బళ్ళో మాకు కిలోలు నేర్పుతుండేవారు. ఇంట్లో మాత్రం కిలో అంటే ఎంతో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఈ గందరగోళంలో కొట్టువాళ్ళు బాగా వెనకేసుకున్నారని ఊరందరి నమ్మకం. వీశె ధర చెప్పి కిలో రాయితో తూస్తారని అనేవాళ్ళు. అది అబద్ధమూ కాదు. మా నాయనమ్మకే చింతపండు దగ్గర ఒకసారి అలా జరిగింది. ఇంటికొచ్చాక తెలుసుకుని, ఆ కొట్టువాణ్ణి ఏడాదిపాటు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా తిట్టేది.

ఆ ఏడు మొదటి కోత మిరపకాయ అమ్మిన వారానికి ఆవిడ అద్దంకి ప్రయాణం కట్టింది. నీళ్ళు కాచుకునే పాత గంగాళానికి అడుగున చిల్లి పడింది. మాట్లు వేయించి వేయించి విసిగిపోయి, ఇక కొత్తది కొనాల్సిందేనని తేల్చుకుంది. మా ఊరు అద్దంకికి మూడు మైళ్ళు. బండిలో ఆవిడ పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది. అన్నయ్యలను వదిలేసి నన్ను ఎందుకు తీసుకెళుతోందని అడిగితే, "నువ్వయితే లెక్క చూస్తావే. వాళ్ళకి తిండి యావ తప్ప ఇంకేం తెలుసు" అంది. దారి పొడుగునా ఆ మాటకే పొంగిపోయాను.

ఇత్తడి సామాన్ల కొట్టు బజారు మధ్యలో ఉండేది. పెద్ద శెట్టిగారు మంచానపడ్డాక ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. అందరూ చిన్నశెట్టి అనేవాళ్ళు. కొట్లో తూకాలు చూసేది మాత్రం ఒక ముసలి గుమాస్తా. ముప్పై ఏళ్ళుగా ఆ కొట్లోనే పనిచేస్తున్నాడు. నేను ఆయన్ని గుమాస్తా తాతా అని పిలిచేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా చొక్కా జేబులోంచి ఒక పటికబెల్లం పలుకు తీసి, దానికి అంటిన పొగాకు నుసి ఊది, నా చేతిలో పెట్టేవాడు. ఆ ఏడు చూస్తే ఆయన కళ్ళ మీద తెల్లటి పొర పట్టి ఉంది. గొంతు విన్న తర్వాతే మమ్మల్ని గుర్తుపట్టాడు.

మేము వెళ్ళేసరికి చిన్నశెట్టి ఆయన్ని నలుగురిలో నిలబెట్టి దులుపుతున్నాడు. ముందురోజు ఎవరికో చిన్న చెంబుకు బదులు పెద్ద చెంబు ఇచ్చి పంపాడట.

"నీకు కళ్ళు కనపడవు. ఇట్టాగే సాగితే రేపు మాకు కొట్టు కనపడకుండా పోయిద్ది," అని, మా వైపు తిరిగి నవ్వాడు. "మా నాన్న మొహం చూసి ఉంచానమ్మా ఈయన్ని. లేకపోతే ఎప్పుడో సాగనంపేవాణ్ణి. ఏమయ్యా, వింటున్నావా? ఇంకొక్క తప్పు జరిగిందంటే రేపటినుంచి రానక్కర్లా. ఇంట్లో కూచుని ఈగలు తోలుకో."

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. మా నాయనమ్మా నవ్వింది. గుమాస్తా తాత కూడా నవ్వాడు, అదే నాకు వింతగా అనిపించింది. తర్వాత చిన్నశెట్టి భోజనానికి ఇంటికి వెళ్ళాడు. ఆయన చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా విని, ముసలాయన మా నాయనమ్మతో నెమ్మదిగా చెప్పాడు.

"ఇంట్లో నేనూ మా ముసల్దీనేనమ్మా. దానికి కాళ్ళు పడిపోయి మూడేళ్ళయింది. ఈ పని పోతే ఇద్దరం పస్తే."

"అయ్యో పాపం," అంది నాయనమ్మ. అంటూనే వరుసగా ఉన్న గంగాళాలను వేలి కణుపుతో కొట్టి మోత వింటోంది.

ఆవిడ గంగాళం ఎంచుకునేలోగా నాకేం తోచక, గోడకు తగిలించిన బోర్డు పైకి చదివాను. 'పేరు చెక్కిన సామాను వాపసు తీసుకోబడదు.' అప్పట్లో ఇత్తడి సామాను కొంటే దాని మీద పేరు చెక్కించడం తప్పనిసరి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ సామాన్లు ఊరంతా తిరుగుతాయి కదా, ఎవరివి ఎవరికి చేరాలో తెలియాలి. ఆ పని చేసే సాయిబు ఒకాయన చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని ఆ కొట్టు అరుగు మీదే కూర్చునేవాడు. ఒకసారి పేరు పడ్డాక ఆ సామాను ఇంకెవరూ కొనరు. అందుకే ఆ బోర్డు.

నేను తడుముకోకుండా చదవడం విని గుమాస్తా తాత మొహం విప్పారింది. "బంగారుతల్లి! ఎంత గడగడా చదివిందో చూడమ్మా. నా కళ్ళు దీనికిచ్చి దీని కళ్ళు నేను తీసుకుంటే బాగుండు," అన్నాడు. జేబులోంచి పటికబెల్లం తీసి ఇచ్చాడు. ఆ రోజు రెండు పలుకులిచ్చాడు.

బేరం గంటసేపు నడిచింది. చివరికి కిలోకు ఇంతని తెగింది. కిలోకు, వీశెకు కాదు. ఇది గుర్తుపెట్టుకో. కాటా కింద అరలో రాళ్ళు రెండు వరుసలుగా ఉండేవి. కుడివైపు కొత్త కిలో రాళ్ళు, ఎడమవైపు పాత వీశె రాళ్ళు. పాతవాటిని తీసిపారెయ్యమని సర్కారువాళ్ళు చెప్పినా, పల్లెటూరివాళ్ళు వీశెల్లోనే అడుగుతారని అలాగే ఉంచారు. ముసలాయన వంగి చెయ్యి పెట్టాడు. ముప్పై ఏళ్ళు ఏ వైపు అలవాటైందో ఆ వైపుకే పోయింది ఆ చెయ్యి. ఎడమ అరలోంచి అయిదు వీశెల రాయి పైకి తీశాడు. కానీ పళ్ళెంలో పెట్టలేదు. చేతిలోనే బరువు చూసుకున్నాడు.

"ఏందో, చేతికి పాత రాయి మాదిరిగా తగుల్తోంది," అన్నాడు తనలో తను. రాయిని కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పాడు. లాభం లేకపోయింది. అప్పుడు నా ముందు వంగి ఆ రాయి చూపించాడు.

"పాపా, దీని మీద ఏముందో చదువు తల్లీ. కిలోలా, వీశెలా?"

తుప్పు పట్టి ఉన్నా అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. అయిదు వీశెలు. నేను నోరు తెరిచాను. ఎప్పుడొచ్చిందో గానీ నాయనమ్మ చెయ్యి నా వీపు మీద ఉంది. రెండు వేళ్ళ మధ్య నా చర్మాన్ని పట్టుకుని మెలితిప్పింది. నా వైపు చూడను కూడా లేదు. గంగాళం అంచులో సొట్టలున్నాయేమోనని చూసుకుంటూ, "చెప్పవే, నోట్లో బెల్లం ఉందా? చదువుకున్నదానివేగా," అంది.

"కిలోలే తాతా," అన్నాను.

ఆయన ఊపిరి వదిలి, రాయి పళ్ళెంలో పెట్టాడు. తర్వాత రెండో రాయి తీసి చూపించాడు, మూడోదీ చూపించాడు. ఒకటి రెండు వీశెలది, ఇంకొకటి వీశెది. అడిగిన ప్రతిసారీ కిలోలే తాతా అన్నాను. రెండోసారి నుంచి నాయనమ్మకు గిల్లే పని పడలేదు. గంగాళం ఎనిమిది రాళ్ళ బరువు తూగింది. ఎనిమిది కిలోలని ఆయన తడుముకుంటూ చీటీ రాసిచ్చాడు. అసలు అందులో పదకొండు కిలోలకు పైగా ఇత్తడి ఉంది.

డబ్బు ఇచ్చీ ఇవ్వగానే నాయనమ్మ గంగాళాన్ని తనే దొర్లించుకుంటూ అరుగు మీదికి తెచ్చింది. మామూలుగా అయితే పేరు ఇంకోరోజు కొట్టిస్తాం, ఆయనకు అక్షరానికి ఇంతని ఇవ్వాలి కదా. ఆ రోజు మాత్రం చిన్నశెట్టి భోజనం చేసి వచ్చేలోపు పేరు పడిపోవాలని ఆవిడ తొందర. ఎవరి పేరు కొట్టమంటారమ్మా అని సాయిబు అడిగాడు. నాయనమ్మ నా వైపు చూసింది. ఆవిడ నన్ను అంత ప్రేమగా చూడటం నాకు తెలిసి అదే మొదలు.

"దీని పేరు కొట్టు," అంది. "ఇది నా బంగారం."

నిజం చెప్పాలి కదా. ఆ ఉలి కింద నా పేరు ఒక్కో అక్షరమే లేస్తుంటే నా ఒళ్ళు పులకరించింది. మా ఇంట్లో ఆడపిల్ల పేరు ఏ సామాను మీదా లేదు. తిరుగు ప్రయాణంలో నాయనమ్మ నాకు జిలేబీ కొనిపెట్టింది, తను చేసిందేమిటో విడమరిచి చెప్పింది. వాళ్ళ బోర్డుతోనే వాళ్ళ నోరు ఎలా మూసేసిందో చెప్పి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "చింతపండు మింగినోళ్ళ చేత ఇత్తడి కక్కించా," అంది. చింతపండు కొట్టు వేరు, ఈ కొట్టు వేరు అని నాకు తట్టలేదు. తట్టినా అనేదాన్ని కాదేమో. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్నే మేమంతా కల్లంలో ఉన్నాం. రెండో కోత కాయ ఎండబోసి ఉంది. పదిహేనుమంది ఆడకూలీలు కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కొత్త గంగాళాన్ని చూపించడానికి నాయనమ్మ దాన్ని కల్లంలోకే తెప్పించి నీళ్ళు పోయించింది. వచ్చినవాళ్ళందరికీ నా పేరు చూపిస్తోంది. అంత తక్కువకు ఎలా వచ్చిందని వాళ్ళు అడగడం, ఈవిడ కథ మొదలుపెట్టడం. నా మనవరాలు ఎంత గట్టిదో వినండి అంటూ, నేను 'కిలోలే తాతా' అన్న తీరును నటించి చూపించేది. అందరూ పకపకా నవ్వేవాళ్ళు.

అప్పుడే గట్టు మీద గుమాస్తా తాత కనిపించాడు. మూడు మైళ్ళూ నడిచే వచ్చాడు. చేతికర్రతో దారి వెతుక్కుంటూ, ఎర్రగా పరిచిన కాయల మీద కాలు పడకుండా ఎక్కడ నిలబడాలో తెలియక కల్లం అంచునే ఆగిపోయాడు. ఎవరూ లేచి చెయ్యి పట్టుకోలేదు.

సంగతి తెలిసిందే. భోజనం చేసి వచ్చిన చిన్నశెట్టికి, పళ్ళెంలో వీశె రాళ్ళు అలాగే కనిపించాయట. గల్లాలో మాత్రం ఎనిమిది కిలోల డబ్బే ఉందట. రాత్రికి రాత్రే తాళంచెవులు లాక్కున్నాడట. ముసలాయన ఇదంతా తప్పు తనదే అన్నట్టు చెప్పాడు. చెబుతూ చెబుతూ తడుముకుంటూ గంగాళం దగ్గరకొచ్చి, దాని కడుపు మీద అరచెయ్యి వేశాడు.

"తూకం తప్పలేదమ్మా. ఎనిమిది వీశెలు సరిగ్గా తూచా. ధరే తప్పింది. మిగతా డబ్బు ఇప్పించండి, లేదంటే గంగాళమన్నా ఇప్పించండి."

నాయనమ్మ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. "పేరు చూశావా దాని మీద? నీకు కనపడదుగా, వేలితో తడిమి చూడు. పేరు పడ్డాక వాపసు లేదని మీరే బోర్డు పెట్టారు. మాకు తక్కువ తూచినప్పుడు మీ కొట్టు ముందుకొచ్చి నేనిట్టా నిలబడ్డానా? నిలబడితే మీరు ఇచ్చేవాళ్ళా?"

"నేనెప్పుడూ తక్కువ తూచలేదమ్మా."

"అయితే ఎక్కువ తూచావు. అదీ నీ తప్పే."

కూలీలు నవ్వారు. ఎండ ఎక్కేకొద్దీ మిరపకాయల ఘాటు లేచింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అది ఘాటుకో, దేనికో తెలియదు. "ఏడవమాకయ్యా, దగ్గొచ్చి మా కాయల మీద పడతావు," అంది ఒకామె. మళ్ళీ నవ్వులు.

ఇదిగో, ఇక్కడ ఆపి నువ్వు అడుగుతావని నాకు తెలుసు. బిల్లు రాసి డబ్బు తీసుకున్నాక, ధర తప్పంటూ సరుకు వెనక్కి అడగడం కుదరదు కదా అమ్మమ్మా అంటావు. మా నాయనమ్మ అన్నదీ అదే. ఆవిడ దగ్గర చీటీ ఉంది. తప్పు కొట్టుది, కొన్నవాళ్ళది కాదు. మామూలుగా అయితే ఆ మాట న్యాయమే. కొట్టువాడు వంద చెప్పి, మనం కట్టి ఇంటికొచ్చాక కాదు రెండొందలంటే మనం ఎక్కడికి పోవాలి? అందుకే నీ హక్కు వదులుకోమని నేను చెప్పడం లేదు. కానీ ఒక్కటి అడుగుతాను. నొక్కేటప్పుడు అది తప్పు ధరని నీకు తెలుసా? తెలుసుగా, నవ్వుతున్నావు. అయితే ఆ సంగతి కూడా నీ ఫిర్యాదులో రాయి. అక్కడ ఆ సున్నా తప్పు కొట్టింది కంపెనీ కాదు, ఎవరో ఒక పిల్ల, ఒక పిల్లాడు. వాళ్ళు ఎవరి చేతనైనా సరిచూపించుకున్నారో లేదో మనకు తెలియదు. మా దగ్గర మాత్రం ఆయన సరిచూపించుకున్నాడు. మూడుసార్లు అడిగాడు.

ముసలాయన డబ్బు సంగతి వదిలేశాడు. ఇక రాదని తెలిసిపోయింది. గొంతు తగ్గించి ఇంకొకటి అడిగాడు. "డబ్బు నేనెట్టాగో కట్టుకుంటానమ్మా. పని పోకూడదు. రాళ్ళు చూడకుండా తూచానని చిన్నశెట్టి అంటున్నాడు. చూపించానని చెప్తే నమ్మట్లా. మీ పాపను ఒక్కసారి పంపండి. తాత అడిగాడు, నేను తప్పు చదివానని ఒక్క మాట చెప్తే చాలు. చిన్నపిల్ల తప్పు చదివితే ఎవరేమంటారు? బండి ఖర్చు నేనిస్తా."

నేను గంగాళం వెనక నిలబడి ఉన్నాను. ఆయన నా వాసన పట్టినట్టు సరిగ్గా నా వైపే తిరిగాడు.

"పాపా, ఇక్కడే ఉన్నావా తల్లీ? నేను నిన్ను అడిగానా లేదా? చెప్పు."

చూడు, ఆయన నాకెంత సులువు చేసిపెట్టాడో. అబద్ధం చెప్పావని అనలేదు. తప్పు చదివావు, అంతే అన్నాడు. అవును తాతా, తప్పు చదివాను అంటే నాకేమీ అయ్యేది కాదు. నాయనమ్మ నాకు దూరంగా కూర్చుని ఉంది. వీపు మీద ఎవరి చెయ్యీ లేదు. కానీ పదిహేనుమంది నా వైపే చూస్తున్నారు. పొద్దుటినుంచీ నేను వాళ్ళకు గట్టిపిల్లను. నా పేరు ఎండకు తళతళ మెరుస్తోంది. తప్పు చదివానంటే గట్టిపిల్ల పోయి, చదువు రాని మొద్దు మిగులుతుంది. నమ్ముతావా, నాకు ఆ క్షణంలో తోచింది అదొక్కటే. ఆయన ఇంట్లో కాళ్ళు పడిపోయిన ముసలామె ఉందని కూడా గుర్తు రాలేదు.

"నన్ను అడగలా," అన్నాను.

అప్పటిదాకా నాయనమ్మ నటించి చూపించిన కథ వాళ్ళందరూ విన్నారు. ఆయన అడిగాడనీ, నేను కిలోలే అన్నాననీ వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. తలలు దించుకుని తాలుకాయలు ఏరుకున్నారు.

ఆయన తిట్టలేదు. శపించనూ లేదు. ఆ తెల్లటి కళ్ళు రెండుమూడుసార్లు ఆర్పాడు. "అడగలేదా," అన్నాడు. ఏదో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు మూడు వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. "అడిగాననే అనుకున్నా తల్లీ. సరే. నాకే మతి తప్పుతున్నట్టుంది," అని, వచ్చిన దారినే కర్ర తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన గట్టు దాటాక నాయనమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. నేను చెప్పమని కూడా అనలేదే, ఎంత తెలివి దీనికి అంటూ నా తల నిమిరింది. ఆ మెచ్చుకోలు నాకు ముందురోజంత తియ్యగా లేదు. చేదుగానూ లేదు. రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. నొప్పి తర్వాత ఎప్పుడో మొదలైంది.

రెండేళ్ళకు పెద్ద పరీక్షలకని అద్దంకి వెళితే, బస్సులు ఆగేచోట ఆయన కనిపించాడు. గోనెపట్టా మీద వేయించిన వేరుశనక్కాయలు పోసుకుని సోలతో కొలిచి అమ్ముతున్నాడు. కళ్ళు పూర్తిగా పోయాయి. నేను దూరంగా నిలబడి చూశాను. ఒక ఆయన వచ్చి సోలెడు కాయలు పోయించుకున్నాడు. సంచి ముడేసుకుంటుంటే ముసలాయన అడిగాడు. "డబ్బులిచ్చావా బాబూ?"

"ఇందాకే ఇచ్చానుగా తాతా," అన్నాడు ఆయన. ఇవ్వలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇచ్చావా? సరే నాయనా. నాకే మతి ఉండట్లా," అన్నాడు ముసలాయన.

పక్కనున్న సోడా బండివాడు కిసుక్కున నవ్వాడు. రోజూ జరిగే తంతే కాబోలు. బస్సుల దగ్గర తిరిగే వాళ్ళందరికీ తెలిసిపోయింది. ఆయన్ని మోసం చెయ్యడానికి తెలివితేటలు కూడా అక్కర్లేదు. నీకు గుర్తులేదు అంటే చాలు, నమ్మేస్తాడు. ముప్పై ఏళ్ళు కాటా దగ్గర నిలబడి, రాయి బరువు అరచేతితో చెప్పగలిగిన మనిషి. పొగాకు నుసి అంటిన ఆ చెయ్యి ఆ రోజు కూడా ఆయనకు నిజమే చెప్పింది. నా మాట విని ఆ చేతిని నమ్మడం మానేశాడు. తర్వాత ఇంకోసారి నా మాట విని, తన్ను తానే నమ్మడం మానేశాడు.

దగ్గరకు వెళ్ళాను. నా చేతిలో అణా ఉంది. చెబుదామనే వెళ్ళాను, నీమీద ఒట్టు. "ఎవరమ్మా?" అని అడిగాడు. నేను మాట్లాడలేదు. గొంతు వింటే గుర్తుపడతాడని భయం. "ఎవరో వచ్చినట్టుందే," అని కాసేపు చెవి ఒగ్గి, "కాదేమో," అన్నాడు. నేను అణా గోనెపట్టా మీద పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను. పెట్టానని కూడా ఆయనకు తెలియదు. ఆ సోడా బండివాడు చూశాడు, నేను వెళ్ళగానే తీసుకునే ఉంటాడు. ఆ తర్వాత మళ్ళీ నేను ఆయన్ని చూడలేదు. ఆయన ముసలామె ఏమైందో ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారు కదా.

నాయనమ్మ తొంభై ఏళ్ళు బతికింది. ఆ గంగాళం కథ పోయేముందు దాకా చెప్పి నవ్వింది. నా రెండో అబద్ధం ఆవిడ కథలో ఎప్పుడూ రాలేదు. అది నేను ఒక్కదాన్నే మోయాలి కాబోలు.

నన్ను చూసి మీరంతా నవ్వుకునే సంగతి ఒకటుంది, తెలుసులే. పాలవాడు వచ్చి, నిన్న రానని మీకు మొన్నే చెప్పానా అమ్మా అంటే, చెప్పావు నాయనా అంటాను. పనిమనిషి, నేను మిమ్మల్ని సెలవు అడిగానా అంటే, అడిగావమ్మా అంటాను. మీ తాతయ్య చివరి రోజుల్లో అన్నం తిన్నానా, మందులిమ్మని నిన్ను అడిగానా అని ఇరవైసార్లు అడిగేవారు. మీ అమ్మ విసుక్కునేది. నేను ప్రతిసారీ, అడిగారు, మీరు అడిగారు, నేనే మర్చిపోయాను అనేదాన్ని. చాలాసార్లు ఆయన అడిగి ఉండరు. అయినా ఎవరైనా నా ముందు నిలబడి నేను అడిగానా లేదా అంటే చాలు, నిజమేమిటో ఆలోచించేలోపే నా నోటినుంచి ఒకే మాట వస్తుంది.

అడిగావు. నువ్వు అడిగావు.